పాత రైలు చట్టంలో కంపెనీకీ కట్టుబాట్లున్నాయి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో బ్రిటిష్ కాలపు రైళ్లలో ప్రయాణికుల నియమాల మీద వచ్చిన వ్యాసం చదివాను. పాత ఎనామెల్ బోర్డుల ఫొటోలతో పాటు జరిమానాల పట్టిక కూడా వేశారు. ఊరికే గొలుసు లాగితే 50 రూపాయలు, ఫుట్‌బోర్డు మీద ప్రయాణిస్తే 50, ఆడవాళ్ల పెట్టెలోకి మగవాడు ఎక్కితే 100. గరిష్ఠ జరిమానాలుగా ఆ అంకెలన్నీ సరైనవే. వాటిని పట్టుకుని, జనాన్ని భయపెట్టడానికే ఈ చట్టం చేశారని వ్యాసకర్త తేల్చేయడం దగ్గరే నాకు పేచీ. ఆ జరిమానాలు 1890 నాటి భారత రైల్వేల చట్టంలోవి. అది ఆ ఏడాది మే 1న అమల్లోకి వచ్చి, 1990 జూలై 1న 1989 నాటి కొత్త చట్టం అమల్లోకి వచ్చేదాకా నిలిచింది. ప్రయాణికుడు ఏం చేయకూడదో చెప్పిన ఆ చట్టమే, కంపెనీ ప్రయాణికుడికి ఏం చేసి తీరాలో కూడా రాసింది. బోర్డులకెక్కి జనం కళ్లకు తగిలింది మొదటి భాగం. రెండో భాగం చదవకపోతే, మూడో తరగతి ప్రయాణికుడికి అన్యాయం ఎక్కడ జరిగిందో మనకు సరిగ్గా తెలియదు.

కంపెనీ బాధ్యతలతోనే మొదలుపెడతాను. 63వ సెక్షన్ ప్రకారం ఒక్కో కంపార్ట్‌మెంటులో గరిష్ఠంగా ఎంతమంది ఉండవచ్చో ముందే నిర్ణయించి, ఆ అంకెను లోపలో బయటో అందరికీ కనపడేలా రాయాలి. 65 ప్రకారం బండ్ల వేళలూ చార్జీలూ ప్రతి స్టేషన్లో ఇంగ్లిషుతో పాటు ఆ ప్రాంతపు భాషలో అంటించాలి. 66వ సెక్షన్ గురించి ఇవాళ ఎవరూ మాట్లాడరు గానీ, నా దృష్టిలో అది చాలా విలువైనది. టికెట్టు మీద తరగతి, ఎక్కే ఊరు, దిగే ఊరు, చార్జీ ఉండాలి. పై తరగతుల టికెట్టయితే ఆ వివరాలు ఇంగ్లిషులో, అన్నిటికంటే కింది తరగతిదయితే స్థానిక భాషలో ఉండాలి. అంటే బెజవాడలో మూడో తరగతి టికెట్టు కొన్న రైతు, తాను ఇచ్చిన డబ్బూ అట్ట మీద అచ్చయిన చార్జీ ఒకటేనా కాదా అని తెలుగు చదవగలిగిన ఎవరినైనా అడిగి తెలుసుకోవచ్చు. బుకింగ్ గుమస్తా రెండణాలు ఎక్కువ గుంజితే పట్టుకోవడానికి అతని చేతిలో ఉన్న ఆధారం ఆ అట్టముక్కే.

67వ సెక్షన్ చోటు దొరకనివాళ్ల గురించి. టికెట్టు కొన్నాక బండిలో చోటు లేక ప్లాట్‌ఫారం మీదే మిగిలిపోయినవాడు, బండి వెళ్లిన మూడు గంటల్లోపు టికెట్టు తిరిగిస్తే డబ్బు అక్కడికక్కడే వాపసు ఇవ్వాలి. కొన్న తరగతిలో చోటు లేక కింది తరగతిలో పోవాల్సి వస్తే తేడా ఇవ్వాలి. ఇక 102వ సెక్షన్ రైలు ఉద్యోగి మీద జరిమానా. నిండిపోయిన కంపార్ట్‌మెంటులోకి ప్రయాణికుణ్ని బలవంతంగా ఎక్కించినా, ఎక్కించబోయినా 20 రూపాయలు. ప్రయాణికుడి వైపు నుంచి దీనికి జోడు 109వ సెక్షన్. నిండిన కంపార్ట్‌మెంటులోకి ఎక్కి, రైలు ఉద్యోగి దిగమన్నా దిగకపోతే 20 రూపాయలు. ఇంకా చోటు ఉండగానే కొత్తగా వచ్చేవాణ్ని ఎక్కనివ్వకుండా అడ్డుకున్నా అదే 20 రూపాయలు. కాబట్టి తలుపు దగ్గర జరిగే తోపులాటలో ఎవరిది తప్పన్నది ఆ పెట్టె మీద రాసిన అంకెను బట్టి తేలుతుంది. ఒక్క మనిషి తేడాతో న్యాయం అటుదిటు అవుతుంది.

ఇది ఆచరణలో ఎలా ఉండేదో చూడాలంటే 1917 సెప్టెంబరులో గాంధీ పత్రికలకు రాసిన ఉత్తరం కన్నా మంచి సాక్ష్యం లేదు. ఆ నెల 12న ఆయన బొంబాయిలో మెయిలు బండికి మద్రాసు దాకా మూడో తరగతి టికెట్టు 13 రూపాయల 9 అణాలకు కొన్నారు. పెట్టె మీద 22 మంది అని రాసి ఉంది. పుణె వరకు 22కి మించలేదు. ఎందుకంటే లోపలున్నవాళ్లలో ధైర్యస్తులు మిగతావాళ్లను ఎక్కనివ్వలేదు. రాయచూరు దాటాక తాకిడి పట్టతరం కాలేదు. గార్డు, ఇతర సిబ్బంది వచ్చింది ఇంకా మందిని లోపలికి నెట్టడానికే. మేమన్ అనే ముస్లిం వర్తక వర్గానికి చెందిన ఒక వ్యాపారి అభ్యంతరం చెబితే గార్డు అతన్ని అవమానించి, బండి ఆఖరి స్టేషన్‌కు చేరాక అధికారులకు చెప్పుకోమన్నాడు. ఆ రాత్రి చాలాసేపు పెట్టెలో 35 మంది దాకా ఉన్నారు. కొందరు మురికి నేల మీద పడుకుంటే కొందరు నిలబడే ఉన్నారు.

రాయచూరు తర్వాత ఆ బండి నడిచింది మన నేల మీదే: ఆదోని, గుంతకల్లు, గుత్తి, తాడిపత్రి, కడప, రేణిగుంట. ఇప్పుడు చట్టాన్ని ఎదురుగా పెట్టుకుని ఈ రాత్రిని చదవండి. పుణెకు ముందు లోపల 22 మంది ఉన్నప్పుడు కొత్తవాణ్ని ఆపినవాళ్లది తప్పు కాదు. 21 మందే ఉండగా ఆపి ఉంటే వాళ్లు 20 రూపాయల నేరస్థులు. రాయచూరు దాటాక ఇరవై మూడో మనిషిని నెట్టిన గార్డు 102 కింద నేరస్థుడు. ముప్పై అయిదు దాకా నెట్టాడంటే పదమూడు సార్లు చట్టం తప్పినట్టే లెక్క. మరి ఎవరు పట్టుకోవాలి? నిండిన పెట్టె నుంచి మనిషిని దింపే అధికారం రైలు ఉద్యోగిదే, ఎక్కించినవాడూ అతనే. ప్రయాణికుడు కేసు పెట్టాలంటే ఎక్కడో మధ్యలో దిగి, కనీసం రెండో తరగతి మేజిస్ట్రేటును వెతుక్కుని, సాక్షుల్ని తెచ్చుకోవాలి. సాక్షులేమో అదే బండిలో మద్రాసుకు వెళ్లిపోయి ఉంటారు. అందుకే ప్రయాణికుడి జరిమానాలు అమలయినంత తేలిగ్గా గార్డు జరిమానా అమలు కాలేదు. అన్యాయం జరిగింది చట్టం మాటల్లో కన్నా, ఆ మాటల్ని అమలు చేసే చేతుల్లో. మీ వ్యాసకర్త కోపం న్యాయమైనదే. అది ఈ వైపు తిరగాలి.

జాతి వివక్ష సంగతీ ఇలాంటిదే. ప్రయాణికుల నడవడి గురించిన సెక్షన్లలో తెల్లవాడు, నల్లవాడు అన్న మాట లేదు. కానీ కంపార్ట్‌మెంటును ప్రత్యేకించే వెసులుబాటు కంపెనీకి ఉంది. దాన్ని వాడుకుని కింది తరగతుల్లో కూడా యూరోపియన్లకూ ఆంగ్లో ఇండియన్లకూ వేరే పెట్టెలు పెట్టారు. పక్కన జనం కిక్కిరిసి ఉన్నా ఆ పెట్టెలు ఖాళీగా వెళ్లడం మీద పత్రికల్లోనూ సభల్లోనూ ఎన్నో ఫిర్యాదులు వచ్చాయి. ఈ విషయంలో మీ వ్యాసం చెప్పింది అక్షరాలా నిజం.

ఇక వ్యాసంలో విడ్డూరమైనవిగా చూపించిన నియమాల గురించి. వాటిలో చాలా వాటికి అప్పటి పెట్టెల నిర్మాణమే కారణం. దీపం ఆర్పడాన్ని 120వ సెక్షన్ తాగి గొడవ చేయడంతో, బూతులు తిట్టడంతో సమానం చేసి 50 రూపాయల దాకా జరిమానా, పైగా టికెట్టు డబ్బు జప్తు, బండి నుంచి దింపివేత అంది. ఇప్పటి పాఠకుడికి అది అతిగా అనిపించడం సహజం. అప్పటి నూనె దీపాన్ని లోపలి నుంచి వెలిగించేవాళ్లు కాదు. చీకటి పడేముందు దీపాల మనిషి పెట్టెల కప్పు మీద నడుస్తూ, కప్పులో ఉన్న రంధ్రంలోకి వెలిగించిన దీపాన్ని దింపి మూత వేసేవాడు. కొన్ని పెట్టెల్లో రెండు కంపార్ట్‌మెంట్లకు కలిపి ఒకటే దీపం. ఎవడైనా దాన్ని ఆర్పితే, మళ్లీ దీపాల మనిషి ఉన్న స్టేషన్ వచ్చేదాకా చిమ్మచీకటి. ఒక కంపార్ట్‌మెంటు నుంచి మరోదానికి లోపల దారి లేదు. దొంగకు, ఆడవాళ్లను వేధించేవాడికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. నియమం పుట్టింది అందుకు.

పక్క తలుపు విషయం కూడా అంతే. అప్పటి పెట్టెల్లో ప్రతి కంపార్ట్‌మెంటుకూ రెండు వైపులా బయటికి తెరుచుకునే తలుపులు. నడిచే బండిలో ఆ తలుపు తెరిస్తే అది వంతెన గడ్డర్లకో, సిగ్నల్ స్తంభానికో, రెండు లైన్లున్న చోట ఎదురు బండికో తగులుతుంది. టికెట్లు చూసే ఉద్యోగి కూడా బయట ఫుట్‌బోర్డు పట్టుకునే ఒక్కో కంపార్ట్‌మెంటుకు వెళ్లాల్సి వచ్చేది, కాబట్టి తెరిచిన తలుపు అతని ప్రాణానికీ ముప్పే. 118వ సెక్షన్ అందుకే నడిచే బండి ఎక్కడాన్ని, దిగడాన్ని, ప్లాట్‌ఫారం లేని వైపు దిగడాన్ని, పక్క తలుపు తెరవడాన్ని ఒకే గాటన కట్టి 20 రూపాయలు పెట్టింది. కప్పు మీదో ఫుట్‌బోర్డు మీదో ఉన్నవాణ్ని మాత్రం ముందు హెచ్చరించాలి. హెచ్చరించినా వినకపోతేనే 50 రూపాయలు. ఈ హెచ్చరిక షరతును మీ పట్టిక వదిలేసింది, దయచేసి చేర్చండి.

గొలుసు గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఫొటోల్లో ఎక్కువగా కనిపించే బోర్డు అదే. లోపల దారి లేని పెట్టెల్లో ప్రయాణికుడికీ గార్డుకూ మధ్య ఉన్న ఒకే ఒక్క సంబంధం ఆ గొలుసు. వాక్యూమ్ బ్రేకు బండిలో ఇంజను నుంచి చివరి పెట్టె దాకా ఒక గొట్టం ఉంటుంది. అందులోంచి గాలి లాగేసినంత సేపూ బ్రేకులు వదులుగా ఉంటాయి. కిటికీల పైన ఇనప గొట్టంలో వేలాడే గొలుసును గట్టిగా లాగితే పెట్టె చివరన ఉన్న వాల్వు తెరుచుకుని బయటి గాలి ఆ గొట్టంలోకి జొరబడుతుంది. డ్రైవరు ముందున్న గేజి ముల్లు పడిపోతుంది, బ్రేకులు కొంత పడతాయి, మిగతాది డ్రైవరు చూసుకుని బండి ఆపుతాడు. లాగిన పెట్టె చివర బయటి వైపు ఒక బిళ్ల తిరిగి నిలుస్తుంది. గార్డు దాన్ని చూసి ఆ పెట్టె దగ్గరకు వచ్చి, కారణం అడిగి, చేత్తో బిళ్లను మళ్లీ యథాస్థానానికి తిప్పాలి. అప్పటిదాకా గాలి కారుతూనే ఉంటుంది, బండి కదలదు. ఎక్కుడు మీద ఆగిన బండిని ఆవిరి ఇంజను మళ్లీ లాగలేక వెనక్కి జారే ప్రమాదం ఒకటి. రెండు స్టేషన్ల మధ్య ఆగిన బండి తప్పుకునేదాకా వెనక బండిని వదలలేకపోవడం ఇంకొకటి.

108వ సెక్షన్ గొలుసు లాగడాన్ని నేరం అనలేదు. తగిన, సరిపడా కారణం లేకుండా లాగడాన్ని నేరం అంది. మనిషి బండి నుంచి పడిపోతే, మంట లేస్తే, దాడి జరిగితే లాగడానికే ఆ గొలుసు పెట్టారు. కాకపోతే 1917లో బొంబాయి నుంచి మద్రాసుకు మూడో తరగతి చార్జీ 13 రూపాయల 9 అణాలైనప్పుడు, 50 రూపాయలంటే ఆ చార్జీకి మూడున్నర రెట్లకు పైనే. అంత మొత్తం చూసి, నిజంగా ఆపదలో ఉన్న పేదవాడు కూడా చెయ్యి వెనక్కి తీసుకుని ఉంటాడు. మొదటి తరగతిలో వెళ్లేవాడికి అదే జరిమానా అంత బరువు కాదు. చట్టంలో నాకు కనిపించే అసలు లోపం ఇలాంటి చోటే ఉంది.

చుట్ట కాల్చడం మీద 110వ సెక్షన్ చాలా సరళం. పొగ తాగడానికి ప్రత్యేకించిన కంపార్ట్‌మెంటులో తప్ప, మిగతా చోట్ల తోటి ప్రయాణికులు ఒప్పుకుంటేనే తాగాలి. ఒప్పుకోకపోయినా తాగితే 20 రూపాయలు. ఉద్యోగి వద్దన్నా మానకపోతే పెట్టె నుంచి దింపేయవచ్చు. ఇంటింటా చుట్ట ఉన్న కోస్తా జిల్లాల్లో, ఆడవాళ్లు కూడా అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం) తాగే రోజుల్లో, పూర్తిగా నిషేధించి ఉంటే ఎవరూ పాటించేవారు కాదు.

టికెట్టు లేని ప్రయాణానికి రెండు వేర్వేరు సెక్షన్లున్నాయి, వ్యాసంలో రెండూ కలిసిపోయాయి. మోసం చేసే ఉద్దేశంతో టికెట్టు లేకుండా ఎక్కినా, వాడేసిన టికెట్టుతో మళ్లీ ఎక్కినా 112 కింద 100 రూపాయల దాకా జరిమానా, చార్జీ అదనం. మోసం ఉద్దేశం లేనివాడికి 113 వర్తిస్తుంది. అందులో జరిమానా లేదు, చార్జీతో పాటు కొంత అదనపు సొమ్ము కట్టాలంతే. పట్టుబడక ముందే తనంతట తాను ఉద్యోగికి చెప్పుకుంటే ఆ అదనం తగ్గుతుంది. ఎక్కడ ఎక్కాడో తేలకపోతే బండి మొదట బయల్దేరిన స్టేషన్ నుంచి, దారిలో టికెట్లు తనిఖీ చేసి ఉంటే ఆ తనిఖీ జరిగిన చోటు నుంచి చార్జీ లెక్కకడతారు. మద్రాసు నుంచి వచ్చే బండిలో తాడిపత్రిలో ఎక్కినవాడు గుత్తిలో టికెట్టు పారేసుకుంటే ఎంత నష్టమో ఊహించుకోవచ్చు. రెండుంబావు అంగుళాల పొడుగున్న ఆ చిన్న అట్టను జనం పంచె కొంగున ముడేసుకున్నది ఈ భయంతోనే. దాని మీది తేదీనో వరుస నంబరునో గీకి మార్చితే 116 కింద ఇంకో 50 రూపాయలు.

ఆడవాళ్ల పెట్టె గురించి ఒక దిద్దుబాటు. 1909లో ఒక ప్రయాణికుడు రాసిన ఉత్తరం వల్లే మన రైళ్లలో మరుగుదొడ్లు వచ్చాయని మీ వ్యాసం అంటోంది. ఆ ఉత్తరం సంగతి ఎలా ఉన్నా, 64వ సెక్షన్ 1891 జనవరి 1 నుంచే ప్రతి ప్రయాణికుల బండిలో కింది తరగతిలో కనీసం ఒక కంపార్ట్‌మెంటును ఆడవాళ్లకు ప్రత్యేకించాలని, బండి 50 మైళ్లకు మించి నడిచేదయితే ఆ కంపార్ట్‌మెంటుకు మరుగుదొడ్డి ఉండాలని చెప్పింది. అది పేద స్త్రీల కోసం, కింది తరగతిలో పెట్టిన నియమం. అందులోకి తెలిసి ఎక్కిన మగవాడికి 119 కింద 100 రూపాయల దాకా జరిమానా, టికెట్టు జప్తు. గొలుసు జరిమానాకు అది రెట్టింపు.

పిల్లలు బండ్ల మీద రాళ్లు వేస్తే 130వ సెక్షన్ ఉంది. 12 ఏళ్ల లోపు పిల్లవాడైనా నేరం చేసినట్టే లెక్కించి, మగపిల్లవాడికి బెత్తం దెబ్బలు గానీ, తండ్రి చేత పూచీకత్తు గానీ మేజిస్ట్రేటు విధించవచ్చు. దెబ్బల శిక్ష 1955లో దేశమంతటా రద్దయింది, అది మంచి పని. తండ్రి పూచీకత్తు మాత్రం వందే భారత్ అద్దాలు పగులుతున్న ఈ రోజుల్లో మళ్లీ ఆలోచించదగినదే.

ఫొటోల్లోని బోర్డులన్నీ బ్రిటిష్ కాలంవేనని రాశారు. అలా చెప్పలేం. 1890 చట్టం స్వాతంత్ర్యం తర్వాత కూడా నలభై ఏళ్లకు పైగా అమల్లో ఉంది కాబట్టి, సెక్షన్ నంబరు చూసి కాలం చెప్పడానికి వీల్లేదు. బోర్డు మీద మద్రాస్ రైల్వే అని ఉంటే అది 1908కి ముందుది. ఎం.ఎస్.ఎం. (మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే) అని ఉంటే 1908 తర్వాత, దక్షిణ రైల్వే ఏర్పడిన 1951 ఏప్రిల్ 14కి ముందు చేసినది. దక్షిణ మధ్య రైల్వే పేరుంటే 1966 అక్టోబరు 2కి ముందుది కాదు. అణాల్లో చార్జీలుంటే దశాంశ నాణేలు వచ్చిన 1957కి ముందుదై ఉండాలి. మూడో తరగతి అని ఉన్నంత మాత్రాన పాతదనుకోకూడదు, ఆ తరగతి 1974 దాకా ఉంది. మీరు వేసిన ఫొటోల్లో ఒకదాని మీద దేవనాగరి లిపి స్పష్టంగా కనిపిస్తోంది. మన ప్రాంతంలో అది స్వాతంత్ర్యం తర్వాతదే అయ్యుంటుంది.

ఈ ఉత్తరం రాయడానికి ఇంకో కారణం ఉంది. అమృత్ భారత్ పథకం కింద స్టేషన్లను తిరిగి కడుతున్నారు. పాత గోడలు కూలుతున్నప్పుడు ఈ బోర్డులు తుక్కు ఇనుములో కలిసిపోతున్నాయి, లేదా అలంకారం కోసం మళ్లీ రంగు వేయించుకుంటున్నాయి. రెండూ నష్టమే. ఎనామెల్ అంటే ఇనప రేకు మీద కరిగించి పోసిన గాజు పొర. దాని మీద పెయింటు వేస్తే కింద అక్షరాలు పోయినట్టే. తీసేముందు బోర్డు ఏ గోడ మీద, నేలకు ఎంత ఎత్తులో, ఏ వైపు చూస్తూ ఉందో ఫొటో తీసుకోవాలి. మరలను మెల్లగా విప్పాలి. ఊడబెరికితే రంధ్రాల చుట్టూ గాజు పెచ్చులు లేస్తుంది, మొదట తుప్పు పట్టేది అక్కడే. మెత్తటి గుడ్డతో సబ్బు నీళ్లు చాలు. యాసిడ్, ఇసుక, తీగ బ్రష్ ముట్టుకోకూడదు. పెచ్చు లేచిన చోట బాగా ఆరబెట్టి పల్చగా మైనం రాస్తే తుప్పు ఆగుతుంది. మళ్లీ బిగించేటప్పుడు మర కింద మెత్తటి వాషరు వేసి, మరీ గట్టిగా బిగించకుండా వదలాలి.

అలా నిలబెట్టిన ప్రతి బోర్డు పక్కన, ఆ సెక్షన్ పూర్తి పాఠాన్నీ దానికి జోడుగా కంపెనీ మీద ఉన్న సెక్షన్‌నూ తెలుగులో రాసి పెట్టాలని గుంతకల్లు, విజయవాడ, సికింద్రాబాద్ డివిజన్ల అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. 109 బోర్డు ఉన్న చోట 63, 102 ఉండాలి. టికెట్ల బోర్డు పక్కన 66, 67 ఉండాలి. పాత చట్టం 47వ సెక్షన్ ప్రకారం సాధారణ నియమాల ప్రతి ఒకటి ప్రతి స్టేషన్లో ఉంచి, అడిగినవారికి ఉచితంగా చూపించాలి. అలాంటి బాధ్యతే ప్రయాణికుల నియమాల విషయంలో 1989 చట్టం 60వ సెక్షన్‌లోనూ ఉంది. ఇవాళ ఏ ప్రయాణికుడైనా స్టేషన్ మాస్టరును ఆ ప్రతి అడగవచ్చు. ఎన్ని స్టేషన్లలో అది సిద్ధంగా ఉందో మీ విలేకరులు అడిగి రాస్తే పాఠకులకు ఉపయోగం. సవరించిన జరిమానాల పట్టికను ఈ ఉత్తరంతో జతచేశాను. స్థలం చూసి వేయగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి,
గుంతకల్లు